నేను ఇంట్లో ఉంటే కదలదు

సెప్టెంబరు 18, గురువారం

కిరణ్ ఇల్లు వదిలి ఇవాళ్టికి ఎనిమిదో రోజు. ఫోను స్విచాఫ్.

ఠాణాకి వెళ్ళి వచ్చాను. రాసుకునే బెంగాలీ ఆయన ఒక్కొక్కటే అడుగుతుంటే చెప్పాను. పేరు కిరణ్‌కుమార్. తండ్రి కీర్తిశేషులు తవిటయ్య, రైల్వే వర్క్‌షాప్ ఫిట్టర్. ఇల్లు తాల్‌బగీచా. వయసు ఇరవై తొమ్మిది. పెళ్ళి కాలేదు. పనేమిటి అన్నాడు. కంప్యూటర్లు బాగు చేస్తాడు, ప్రోగ్రాములు రాస్తాడు అన్నాను. ఎక్కడ అన్నాడు. ఇంట్లోనే అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, ఇంట్లో గొడవైందా అని అడిగాడు. లేదన్నాను. "పూజోతే ఫిరే ఆస్బే, దీదీ," అన్నాడు. దుర్గాపూజలకి తిరిగొచ్చేస్తాడట. ఆయన నోట్లో పంచదార పొయ్య.

గొడవేం కాలేదు. నిజంగానే కాలేదు. పదో తారీఖు సాయంత్రం జగ్గారావు మామ వచ్చాడు, కళ్ళు చూపించుకోడానికి. టీ తాగుతూ, "మరి మనోడేటి సేస్తన్నాడే ఇప్పుడు?" అని నన్నడిగాడు. కిరణ్ అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఏటి సేస్తాడు మామా, ఆ కంప్యూటర్ పెట్టికి కాపలా కాస్తన్నాడు. గేట్‌మేన్‌కైనా డ్యూటీ దిగే టైముంటాది, మావోడికి అదీ నేదు," అన్నాను. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. తెల్లారి చూస్తే సంచీ లేదు, వాడూ లేడు.

వేళాకోళం, అంతే. నా నోరు అందరికీ తెలిసిందే.

నిన్న విశ్వకర్మ పూజ. వాడు లేడని మానలేదు. నాన్న స్పానర్లకీ, అమ్మ కుట్టుమిషన్‌కీ, నా స్కూటీకీ, వాడి కంప్యూటర్ పెట్టెకీ బొట్లు పెట్టి బంతిపూల దండలు వేశాను. ఆ రోజు యంత్రమన్నది నడవకూడదు కదా. వాడి పెట్టె మాత్రం గుయ్యిమంటూనే ఉంది. వెనక మీట నొక్కి ఆపేశాను.

ఇవాళ సాయంత్రం ఎబినేజర్ వచ్చాడు. ఝపటాపూర్‌లో రిపేరు కొట్టు అతనిది, కిరణ్‌కి చిన్నప్పటి నుంచీ దోస్తు. "ఆడెక్కడికి ఎల్లినాడో ఆ పెట్టిని అడగాల గానీ అక్కా, ఠాణాలో ఏటి తెలుస్తాది?" అన్నాడు. రేపు వస్తానన్నాడు.

ఎవరితో మాట్లాడినా కసురుకుంటున్నాను. ఆఫీసులో మా హెడ్‌క్లర్కు బడాబాబు మీద కూడా లేచాను. అందుకే ఈ పాత డైరీ తెచ్చుకున్నాను. అమ్మకి చదువు రాదు. చదివేవాడు ఇంట్లో లేడు.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఎబినేజర్ వచ్చి పెట్టె ఆన్ చేశాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు, నాకు తెలీదు. ఆఫీసు కంప్యూటర్‌లా బొమ్మలూ కిటికీలూ ఏమీ లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. లినక్స్ అంట.

కిరణ్ రోజూ జెర్రీ అనే అతనితో ఏదో రాసుకుంటూ ఉండేవాడు. ఆ జెర్రీ ఎవరో, ఏ ఊరో ఎబినేజర్‌కీ తెలీదు. పెట్టెలో వేలకొద్దీ ఫైళ్ళున్నాయి, అరలో అర, దాన్లో అర. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే మనం ముసలివాళ్ళం అవుతాం అన్నాడు. గ్రెప్ అనే కమాండ్ ఉందట. దానికి ఒక మాట ఇస్తే అరల్లోని అరలన్నీ అదే తిరిగి, ఆ మాట ఎక్కడుందో చెప్తుంది. కాగితం మీద రాసిచ్చాడు. ఇంతలో కొట్టు నుంచి ఫోనొస్తే పరుగెత్తాడు.

జెర్రీ పేరు ఇచ్చి నేనే కొట్టాను. కాగితంలో చివర ఉన్నది చుక్కో, సిరా మరకో తెలియలేదు. దాని కింద ఇంకో వరసలో నక్షత్రం గుర్తు ఉంటే అది కొట్టాను. ఎంటర్ నొక్కాను. ఓ గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇంకేమీ రాలేదు. టీ పెట్టుకొచ్చాను. గీత. అన్నం వండాను. గీత. తప్పూ అనదు, ఒప్పూ అనదు. కనీసం తిట్టినా బాగుండును.

నాన్న పోయాక రైల్వే ఇచ్చే ఉద్యోగం నాకు రావాలని అందరం కలిసే నిర్ణయించుకున్నాం. ఇవాళ ఎందుకో అది గుర్తొచ్చింది.

సెప్టెంబరు 20, శనివారం

ఎబినేజర్ ఫోన్లో చెప్పాడు, కంట్రోలూ సీ కలిపి నొక్కితే ఆగుతుందని. ఆపాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే గీత.

సెప్టెంబరు 21, ఆదివారం

మహాలయ. వీధంతా రేడియోల్లో చండీపాఠం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పెట్టె ముందే కూర్చున్నాను, ఒక్క అక్షరం రాలేదు. పెద్ద ఫైళ్ళేమో, టైము పడుతుందేమో అనుకుని ఓపిక పట్టాను. నాకు ఓపిక ఎంతుందో భగవంతుడికి తెలుసు.

"ఏటే అమ్మీ, ఆడి పెట్టి ముందు ఆడిలాగే కూకున్నావు?" అంది అమ్మ మంచం మీద నుంచి.

సెప్టెంబరు 22, సోమవారం

అయిపోయింది! పొద్దున కమాండ్ కొట్టి, విసుగొచ్చి అలాగే వదిలేసి ఆఫీసుకి వెళ్ళాను. వచ్చి చూస్తే తెర నిండా వరసలు. దానంతట అదే కదిలి, పూర్తి చేసి కూర్చుంది.

జెర్రీ పేరు నలభై చోట్ల ఉంది. ఒక చోట ఫోను నంబరు, రాయగడ అని. రెండుసార్లు తప్పు కొట్టాను. ఎత్తాడు. హిందీలో మాట్లాడాడు, మర్యాదస్తుడే. కిరణ్‌ని ఎప్పుడూ ఎదురుగా చూడలేదట. రాసుకోవడమే. అదీ ఆపేసి ఏడాది దాటిందట. "ఆప్ ఉన్‌కీ దీదీ హై? ఆప్‌కే బారే మే బతాతే థే," అన్నాడు. నా గురించి చెప్పేవాడట. ఏం చెప్పేవాడని అడగాలి కదా. అడగలేదు. ఫోను పెట్టేశాను.

సెప్టెంబరు 23, మంగళవారం

ఇవాళ 'టికెట్' అనే మాట ఇచ్చాను. ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని కొట్టాను. గీత. పడుకునే దాకా గీతే.

సెప్టెంబరు 24, బుధవారం

పొద్దున వదిలి వెళ్ళాను. వచ్చేసరికి పూర్తయింది. అన్నీ 2019 నాటి టికెట్లు, నేనూ అమ్మా వాడూ సింహాచలం వెళ్ళినప్పటివి.

నేను ఎదురుగా ఉంటే కదలదు, వెళ్ళిపోతే కదులుతుంది. మనిషి పోలికే వచ్చింది దానికి. వాడూ అంతే, నేను గదిలోకి వస్తే మాట్లాడడం మానేసేవాడు. ఇది రాసి చూసుకుంటే ఏడుపొచ్చింది.

ఎబినేజర్‌తో చెప్తే నవ్వాడు. "డిస్కు వేడెక్కిపోతన్నాదేమో అక్కా. నేపోతే కరెంటు." ఫ్యాను తెచ్చి పెట్టె పక్కన పెట్టాడు. కూర్చున్నాం ఇద్దరం. కదల్లేదు.

సెప్టెంబరు 25, గురువారం

"హాస్టల్" అని ఇచ్చాను. వదిలి వెళ్ళాను. అయింది. ఏమీ దొరకలేదు.

ఎబినేజర్ సాయంత్రం కొట్టు మూసి వచ్చాడు. నేనేం కొడుతున్నానో ఈసారి పక్కన నిలబడి చూశాడు. చూసి తల పట్టుకున్నాడు.

"సుక్క పెట్టమన్నాను గదా అక్కా! నచ్చత్రం ఎవులు పెట్టమన్నారు?"

"నీ రాత నీకైనా తెలుస్తాదా? ఏదైతే ఏటి?"

"తేడా ఉన్నాది. సుక్క పెడితే అదే అరల్లోకి ఎల్లి, మామూలు ఫైళ్ళు మాత్రమే సదువుతాది. తేడాగా ఉన్నవి ఒగ్గేస్తాది. నచ్చత్రం పెడితే ఈ పై అరలో ఉన్న ప్రతి పేరూ నువ్వే సేతికిచ్చి సదవమన్నట్టు. అప్పుడది దేన్నీ ఒగ్గదు."

సరే, ఏది దాన్ని ఆపుతోందో చూద్దామన్నాడు. పై అరలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఒక్కొక్కటే ఇచ్చి చూశాం. మొదటిది ఆధార్ కాగితాలు, టక్కున అయిపోయింది. రెండోది దగ్గర గీత ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. దాని పేరు 'అమ్మ', ఇంగ్లీషు అక్షరాల్లో. మిగిలిన ఇరవై తొమ్మిదీ నిమిషాల్లో అయిపోయాయి.

ఇన్ని రోజులూ నేను డిస్కునీ, కరెంటునీ, గ్రెప్ కనిపెట్టినవాణ్ణీ తిట్టుకున్నాను. అది మొదట్లోనే, రెండో పేరు దగ్గరే ఆగి కూర్చుంది.

ఎబినేజర్ ఆ పేరు వివరాలు తీసి చూశాడు. సైజు సున్నా. "ఇది ఫైలు కాదక్కా. గొట్టం. ఓ సివర ఎవులో మాట పడేస్తే ఇంకో సివర ఎవులో తీసుకుంటారు. లోపల ఏదీ దాసుకోదు. గ్రెప్పు ఎల్లి ఈ సివర కూకుంది. అటేపు ఎవులైనా మాట్లాడితే గానీ లేవదు. పాడైపోనేదు, ఎదురుసూస్తన్నాది అంతే."

"మరి నేను లేనప్పుడు ఎలా లేస్తోంది?"

"ఎవులో మాట పడేస్తన్నారు. పగలు ఇంట్లో ఎవులుంటారు?"

అమ్మ. అమ్మకి మోకాళ్ళు పనిచేయవు. ఆ గదిలోకి రాదు, వచ్చినా కీబోర్డు ముట్టుకోదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

సెలవు పెట్టాను. "అబార్ ఛుటీ, దీదీ?" అన్నాడు బడాబాబు ఫోన్లో. మళ్ళీ సెలవేనండీ, ఏం చేస్తారు?

పొద్దున కమాండ్ కొట్టి, అమ్మకి వెళ్ళొస్తానని చెప్పి, స్కూటీని పక్కింటి గోడ దాకా నెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలోంచి వాడి గదిలోకి వచ్చి కూర్చున్నాను. ముప్పై ఆరేళ్ళ ఆడదాన్ని, నా ఇంట్లో నేను దొంగలా. గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

ముప్పావు గంట అయింది. అమ్మ గదిలో మంచం కిర్రుమంది. తర్వాత చిన్న టిక్కు. నా కళ్ళ ముందే తెర కదిలింది. వరసలు బిలబిలా వచ్చేశాయి.

పరుగెత్తాను. అమ్మ చేతిలో ఎర్ర బొత్తాం. అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండేళ్ళ క్రితం అమ్మ బాత్రూంలో పడినప్పుడు వాడు మంచం కోడుకి కట్టిన గంట. దాని వైరు కిటికీలోంచి వాడి పెట్టెలోకి వెళ్తుంది. నొక్కితే వాడు బజార్లో ఉన్నా, ఎబినేజర్ కొట్లో ఉన్నా ఫోను మోగుతుంది. నేనుంటే అమ్మ నన్నే కేకేస్తుంది కాబట్టి అదొకటుందన్న సంగతే మర్చిపోయాను.

"ఓలమ్మ! నువ్వెల్లనేదా?"

"ఏం నొక్కావమ్మా?"

"ఆడికి కొట్టినాను." తప్పు చేసిన పిల్లలా బొత్తాం కొంగులో దాచుకుంది. "రోజూ కొడతన్నాను. నువ్వుంటే ఏటో ఒకటి అంటావని, నువ్వెల్లినాక కొడతన్నాను. ఎప్పుడు కొట్టినా పది నిమిసాల్లో వొచ్చీవోడు గదే. ఈసారి ఎన్నిసార్లు కొట్టినా రాడేటి?"

మంచం మీద కూర్చుండిపోయాను. నేను పెట్టెలో వాడి కోసం వెతుకుతుంటే, పక్క గదిలోంచి ఆ వెతుకులాటని ముందుకి తోస్తున్నది అమ్మే. చుక్క పెట్టి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

సెప్టెంబరు 27, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

ఎబినేజర్ గంట సంగతంతా విప్పి చూశాడు. అందులో రెండు ముక్కలున్నాయి. అమ్మ నొక్కితే గొట్టంలో మాట పడేసే ముక్క పెట్టె ఆన్ కాగానే తనంతట తానే లేస్తుంది. అవతల చివర ఆ మాట తీసుకుని కిరణ్ ఫోనుకి పంపే ముక్క వాడు చేత్తో మొదలుపెట్టాల్సిందే. అది నడవడం లేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"పెట్టి ఆపినప్పటి నుంచి అక్కా." నా వంక చూడలేదు. "విశ్వకర్మ పూజకి ఆడు ఏటా తెర ఒక్కటే ఆపీసి, పెట్టి మీద గుడ్డ కప్పీవోడు. సప్పుడు రాకుండా. అమ్మకి తెల్దు. నాకొక్కడికే సెప్పినాడు."

నేను ఆపాను. దండ వేసి, దండం పెట్టి, నేనే ఆపాను.

ఫోను స్విచాఫ్ అని వస్తోంది కదా, మరి ఎలా వెళ్తుంది అంటే, నంబరు మార్చినా, గంట మోగించే యాప్ వేరే ఫోన్లో తెరుచుకుంటే చాలన్నాడు. వెళ్ళిన ప్రతి పిలుపుకీ చిట్టా ఉందని చూపించాడు. తారీఖు, టైము, వెళ్ళినట్టు ఒక మాట, వాడు చూసినట్టు ఒక మాట. పదకొండో తారీఖు నుంచి పదహారు దాకా తొమ్మిది పిలుపులు. తొమ్మిదీ వెళ్ళాయి. తొమ్మిదీ చూశాడు. చివరిది పదహారో తారీఖు సాయంత్రం నాలుగూ నలభై. చూసింది నాలుగూ నలభై ఒకటి.

బతికే ఉన్నాడు. పదహారు దాకా బతికి ఉన్నాడు, అమ్మ పిలిస్తే నిమిషంలో చూశాడు. రాలేదు. ఎక్కడున్నాడో చిట్టాలో లేదు.

పదిహేడు నుంచి ఒక్క వరసా లేదు. అమ్మ పిలవడం మానేసిందని అనుకుని ఉంటాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

అమ్మ అడిగింది, ఆడికి తెలిసినాదా అని. పూజ రోజు నేను ఆపేశానని చెప్పలేకపోయాను. తొమ్మిది సంగతి అసలే చెప్పలేను. "ఆడు ఎల్లిన రోజు నుంచే గంట పాడైపోయిందమ్మా. నువ్వు నొక్కిందేదీ ఆడికి ఎల్లలేదు," అన్నాను.

తిడుతుందనుకున్నాను. అమ్మ మొహం విచ్చుకుంది. "అదా! అదీ సంగతి. నాను పిలిస్తే ఆడు రాకుండా ఉంటాడేటి అనుకున్నాను." ఇవాళ రెండుసార్లు పెట్టించుకుని తింది. చేపల పులుసులో ఉప్పు తక్కువైందని నన్ను దెప్పింది కూడా.

ఎబినేజర్ గంటని బాగు చేస్తానన్నాడు. రెండో ముక్క మొదలెట్టడానికి పాస్‌వర్డ్ లాంటి తాళం ఏదో కావాలట, వెతుకుతున్నాడు.

సెప్టెంబరు 29, సోమవారం

సప్తమి. ఢాక్ డప్పుల మోతకి కిటికీ రెక్కలు అదురుతున్నాయి.

ఉద్యోగం గురించి, అందరం కలిసే నిర్ణయించుకున్నాం అని రాశాను. కొట్టేస్తున్నాను.

నాన్న డ్యూటీలోనే పోయాక ఉద్యోగం ఇంట్లో ఒకరికిస్తారని రైల్వే నుంచి వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చాడు. బెంగాలీ మనిషి. నాకు ఇరవై రెండు, కిరణ్‌కి పదిహేను. పిల్లాడు పెద్దయ్యేదాకా ఉద్యోగాన్ని ఆపి ఉంచే వీలుంది, అమ్మ ఏమంటుందో అడగండి అన్నాడు హిందీలో. అమ్మకి అడిగి చెప్పే పని నాది. అమ్మ, "గుంటడికి ఉంచమను. మీనా పెళ్ళయి ఎల్లిపోతాది గదా," అంది. నేను ఆయన వైపు తిరిగి, "అమ్మ నాకే ఇవ్వమంటోంది," అన్నాను.

కాగితం మీద అమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత అమ్మతో, అలా ఉంచడానికి వీల్లేదన్నారు, అందుకే నాకిచ్చారు అని చెప్పాను. ఇల్లు గడవాలి, మూడేళ్ళు ఎలా ఆగుతాం అనుకున్నాను. అదీ నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. నాకు కావాలి ఆ ఉద్యోగం. చాలా కావాలి.

కిరణ్ అక్కడే ఉన్నాడు. అదే గుమ్మానికి ఆనుకుని. వాడికి హిందీ నాకంటే బాగా వచ్చు. నా మొహం వంక చూశాడు, ఏమీ అనలేదు. పద్నాలుగేళ్ళు ఏమీ అనలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని, మామ ముందు, పెట్టెకి కాపలా అన్నాను.

సెప్టెంబరు 30, మంగళవారం

అష్టమి. ఇందా పేట వైపు వెళ్ళాను. పందిరి జనంలో వాడిలా చారల చొక్కా వేసుకున్న ప్రతివాడి మొహమూ చూశాను.

అక్టోబరు 1, బుధవారం

గంట బాగైంది.

ఎబినేజర్ ముందు తన ఫోను పెట్టి పరీక్ష చేశాడు. అమ్మని నొక్కమన్నాడు. నొక్కింది. అతని జేబులో ట్రింగుమంది. అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. "మోగినాదిరా! ఇంకోపాలి నొక్కనా?" అని మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది. నాలుగుసార్లు మోగించుకుంది.

తర్వాత అతను మళ్ళీ కిరణ్‌కి వెళ్ళేలా మార్చాడు. "ఇంక నొక్కు పెద్దమ్మా. ఇప్పుడు ఆడికే ఎల్తాది," అన్నాడు.

అమ్మ బొత్తాం పట్టుకుంది. బొటనవేలు దాని మీద పెట్టింది. అలాగే ఉండిపోయింది.

"నొక్కమ్మా," అన్నాను.

"నొక్కను."

"అదేంటి? ఇన్ని రోజులూ దొంగతనంగా నొక్కావు కదా?"

"అప్పుడు నాకు తెల్దు. నువ్వు పాడైపోయినాదన్నాక నాకు నిమ్మళమైంది. మోగనేదు, ఆడికి తెల్దు, అందుకే రానేదు అనుకున్నాను. ఇప్పుడు నొక్కితే మోగతాది గదా. మోగినా రాపోతే నానేటనుకోవాల? సెప్పు."

ఎబినేజర్ నా వంక చూశాడు. చిట్టాలో తొమ్మిది వరసలూ అతనికి తెలుసు, నాకు తెలుసు.

అమ్మ బొత్తాం నా ఒళ్ళో పెట్టింది. "నువ్వు నొక్కు. నీ మాటకి ఎల్లినాడు. నీ మాటకే రావాల," అని అటు తిరిగి పడుకుంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండును.

అక్టోబరు 2, గురువారం

దశమి. బొత్తాం నొక్కితే వాడికి అమ్మ పిలిచినట్టే వెళ్తుంది. అమ్మ పేరు చెప్పుకుని పిలవడం నావల్ల కాలేదు. ఒకసారి అమ్మ మాట మార్చింది చాలు.

గొట్టంలో నా మాటే ఎలా పడేయాలో ఎబినేజర్‌ని అడిగి రాసుకున్నాను. నల్ల తెర ముందు కూర్చున్నాను. చాలాసేపు గీత ఆరుతూ వెలుగుతూ ఉంది, ఈసారి అది నాకోసం ఆగింది. తెలుగు అక్షరాలు కొట్టడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టాను. కొట్టింది ఇదీ:

"కిరణ్, నేను మీనక్కని. ఆ రోజు ఇన్‌స్పెక్టర్‌కి అమ్మ చెప్పింది నీ పేరు. నేను మార్చి నా పేరు చెప్పాను. నువ్వు విన్నావని నాకు తెలుసు. పదిహేడు నుంచి గంట రాకపోవడానికి అమ్మ కారణం కాదు, పెట్టె నేను ఆపేశాను. అమ్మ రోజూ పిలిచింది. నామీద కోపం ఉంచుకో. ఇంటికి రా."

ఎంటర్ నొక్కాను. చిట్టా తెరిచాను. పదకొండూ ఇరవై, వెళ్ళింది.

తెర ముందు నుంచి లేవలేదు. బయట అమ్మవారిని సాగనంపుతున్నారు, ఆడవాళ్ళు సిందూరాలు పూసుకుని కేకలు పెడుతున్నారు. పదకొండూ యాభై రెండు, చూశాడు.

చూశాడు! అమ్మకి చెప్పబోయి గుమ్మం దగ్గర ఆగాను. చెప్పి, రేపు రాకపోతే? పండగ రద్దీ, టికెట్లు దొరకవు. ఎక్కడున్నా ఒక రోజు, మరీ దూరమైతే రెండు. మూడు అనుకుందాం.

అక్టోబరు 4, శనివారం

హౌరా నుంచి వచ్చే బళ్ళు, భువనేశ్వర్ వైపు నుంచి వచ్చే బళ్ళు, టాటా బళ్ళు, అన్నిటి టైములూ కంఠతా వచ్చేశాయి. రైల్వేలో పద్నాలుగేళ్ళ నుంచీ పనిచేస్తున్నాను, ఇంతకుముందెప్పుడూ పట్టించుకోలేదు.

అక్టోబరు 5, ఆదివారం

మూడు రోజులు అయిపోయాయి. మద్రాసు నుంచైనా, బొంబాయి నుంచైనా రావచ్చు మూడు రోజుల్లో.

సెలవు దొరకలేదేమో. ఏం సెలవు, ఎక్కడి సెలవు?

అక్టోబరు 6, సోమవారం

ఆఫీసు తెరిచారు. "పూజో కేమన్ కాట్లో, దీదీ?" అన్నాడు బడాబాబు. "భాలో," అన్నాను. పండగ బాగానే గడిచింది.

చిట్టా చూశాను. కొత్త వరస లేదు. కింద వరస అదే. వెళ్ళింది, చూశాడు.

అక్టోబరు 8, బుధవారం

అన్నం దగ్గర అమ్మ అడిగింది, నా మొహం చూడకుండా. "నొక్కినావేటే?"

"లేదమ్మా. ఇంకా నొక్కలేదు."

"అదే మరి," అంది అమ్మ, ముద్ద కలుపుకుంటూ. "అందుకే రానేదు."